సీరం ముందా, నూనె ముందా? ముఖానికి ఏది ఎప్పుడు రాసుకోవాలి

అద్దం ముందు నాలుగైదు సీసాలు వరసగా పెట్టుకుని, దేని తర్వాత ఏది రాయాలో తేలక, చివరికి చేతికి ఏది అందితే అది రాసేసుకునేవాళ్ళే ఎక్కువ. నిజానికి గుర్తుపెట్టుకోవాల్సిన వరస చాలా చిన్నది. పల్చగా నీళ్ళగా ఉండేది ముందు, కాస్త చిక్కటి జెల్ తర్వాత, ఆ పైన క్రీము, రాత్రయితే అన్నిటికంటే చివర్న నూనె. పగలు ఆ చివరి స్థానం సన్‌స్క్రీన్‌ది. ఇంతవరకూ పట్టుబడితే ముప్పాతిక పని అయిపోయినట్టే.

మిగిలిన ఆ పావు దగ్గరే గొడవంతా. సీసా మీద సీరం, అంటే చర్మానికి పనికొచ్చే పదార్థాన్ని గాఢంగా కలిపిన పల్చటి ద్రవం అని ఉంటుంది, తీరా చూస్తే లోపల ఉన్నది అచ్చంగా నూనె. ఇంకోటి చేతి మీద బాగానే ఉంటుంది, ముఖానికి రాస్తే ఉండలు కడుతుంది. విటమిన్ సి రాసుకున్నాక నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) తగలనివ్వకూడదని ఒకరంటారు, రెండూ కలిస్తేనే ఫలితం అని ఇంకొకరంటారు. అందుకని ముఖం కడుక్కోవడానికి ముందే, మీ దగ్గరున్న సీసాలన్నీ ఒకచోట పెట్టుకుని ఓ పది నిమిషాలు కూర్చోండి.

సీసాను వెనక్కి తిప్పండి

ముందువైపు ఉన్న పేరును కాసేపు పక్కన పెట్టండి. వెనకాల చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. అందులో మొదటి మూడు నాలుగు పేర్లు చదివితే చాలు. మొట్టమొదట ఆక్వా అనో వాటర్ అనో ఉంటే అది నీటి సీరం. స్క్వాలేన్, క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్, లేదా ఏదో ఒక గింజల నూనె పేరు ముందుంటే, డబ్బా మీద ఏమని రాసినా అది నూనే. డైమెథికోన్, సైక్లోపెంటాసిలాక్సేన్ లాంటి పేర్లతో మొదలైతే సిలికాన్ సీరం. ఇది వేళ్ళ మధ్య నున్నగా జారుతుంది, అయినా జిడ్డనిపించదు. దీన్ని నీటి సీరంల తర్వాత రాసుకోవాలి.

ఈ జాబితాలో పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వస్తాయి. 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం తయారీదారు తనకు నచ్చిన వరసలో రాసుకోవచ్చు. ఈ గీత ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను 1 శాతానికి మించి కలపరు. యూరప్‌లో అయితే చట్టమే ఆ పరిమితి పెట్టింది. కాబట్టి జాబితాలో దాని తర్వాత వచ్చే పేర్లన్నీ 1 శాతమో అంతకంటే తక్కువో అనుకోవచ్చు. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలతో ఊరించిన మూలిక ఆ చివర్న ఎక్కడో నక్కి ఉంటే దానికి అంత డబ్బు పెట్టడం దండగ. అయితే రెటినాల్ (విటమిన్ ఎలో ఒక రూపం) లాంటివి 0.3 శాతం దగ్గరే గట్టిగా పనిచేస్తాయి. చివర్న ఉన్న ప్రతిదీ దండగే అని మాత్రం అనుకోకండి.

చదివినా తేల్చుకోలేకపోతే గ్లాసులో కాసిని నీళ్ళు పోసి ఒక చుక్క వేయండి. నీటి సీరం కలిసిపోతుంది. నూనె గుండ్రంగా పైకి తేలి, కదిపినా విడిపోయి మళ్ళీ పైకే వస్తుంది.

ఈ వరస వెనకున్న సంగతి

చర్మం పై పొర నీటిని గానీ నూనెను గానీ విచ్చలవిడిగా లోపలికి రానివ్వడానికి తయారైంది కాదు. దాని పనే అడ్డుకోవడం. 2000లో బాస్, మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు ఒక లెక్క ప్రతిపాదించారు. అణువు బరువు 500 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) దాటితే అది మామూలు చర్మం గుండా లోపలికి వెళ్ళడం బాగా తగ్గిపోతుందని. విటమిన్ సి బరువు 176, నియాసినమైడ్ 122, రెటినాల్ 286. ఇవన్నీ ఆ గీతకు లోపలే ఉన్నాయి. హైలురోనిక్ యాసిడ్ బరువు మాత్రం మామూలుగా వేలల్లో, లక్షల్లో ఉంటుంది. అది పైనే కూర్చుని నీటిని పట్టి ఉంచుతుంది. అది చేసే మేలు అదే, అందులో తప్పేం లేదు. చర్మం అడుగు పొరల దాకా దిగిపోతుందని చెప్పే ప్రకటనలను మాత్రం నమ్మక్కర్లేదు.

ఇప్పుడు ముఖానికి ముందే నూనె రాసి, దాని మీద నీటి సీరం వేశారనుకోండి. సీరం చిన్న చిన్న బొట్లుగా విడిపోయి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది. అసలే ఇంకదని కాదు, సమానంగా ఇంకదు. అదే ముందు సీరం రాసి పైన నూనె వేస్తే, ఆ నూనె గిన్నె మీద మూతలా లోపలి తేమను ఆవిరైపోకుండా ఆపుతుంది. మూత వల్ల గిన్నెలోకి కొత్తగా నీళ్ళు రావు కదా, నూనె కూడా అంతే. ముఖం పొడిబారిందని పొడి చర్మం మీద నూనె ఒక్కటే పట్టించేవాళ్ళకు పైకి నిగనిగ కనిపిస్తుంది, గంటకల్లా లోపల మళ్ళీ లాగుతూ ఉంటుంది. దానికి కారణం ఇదే.

పొద్దున

ముఖం కడుక్కుని మెత్తటి తువ్వాలుతో అద్దుకోండి, రుద్దకండి. మీ దగ్గర విటమిన్ సి సీరం ఉంటే మొదట అదే. ఆస్కార్బిక్ యాసిడ్ రూపంలో ఉన్న విటమిన్ సి లోపలికి వెళ్ళాలంటే దాని పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. అంటే అది బాగానే పుల్లటి ద్రవం. అందుకే రాసిన కొన్ని క్షణాలు కాస్త చురుక్కుమంటుంది. తడి ముఖం మీద ఆ చురుకు ఇంకా ఎక్కువ, కాబట్టి దీనికి మాత్రం చర్మం ఆరి ఉండాలి. మూడు నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, వేళ్ళతో నుదురు, బుగ్గలు, గడ్డం, మెడ మీద పరిచేయండి. డ్రాపర్ కొనను ముఖానికి తాకించకండి. తాకించిన ప్రతిసారీ ముఖం మీది సూక్ష్మజీవులు సీసాలోకి వెళ్తాయి.

శాతం ఎక్కువైతే ఫలితం ఎక్కువ అనుకోవద్దు. 20 శాతం దాటితే చర్మం తీసుకునేది పెరగదు, మంట మాత్రం పెరుగుతుంది. 15 శాతం విటమిన్ సికి 1 శాతం విటమిన్ ఈ, 0.5 శాతం ఫెరులిక్ యాసిడ్ కలిపితే ఎండ వల్ల జరిగే నష్టం నుంచి రక్షణ బాగా పెరిగిందని 2005లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే ఈ మూడూ కలిసిన సీరంలు అన్ని కనిపిస్తాయి. ఆస్కార్బిక్ యాసిడ్‌తో చిక్కేంటంటే గాలి, వెలుతురు తగిలితే చెడిపోతుంది. కొన్నప్పుడు రంగు లేకుండానో లేత పసుపులోనో ఉన్నది ముదురు నారింజలోకి, గోధుమ రంగులోకి తిరిగితే ఇక పారేయడమే. డబ్బు పెట్టాం కదా అని చివరి చుక్కదాకా లాగించకండి.

ఆ తర్వాత నియాసినమైడ్. విటమిన్ సి మీద ఇది రాయకూడదన్న భయం చాలామందిలో ఉంది. నియాసినమైడ్ నికోటినిక్ యాసిడ్‌గా మారితే ముఖం ఎర్రబడే మాట నిజమే. కానీ అలా మారడానికి బాగా వేడి, చాలా సమయం కావాలి. మీ బుగ్గ మీద ఆ రెండూ ఉండవు. రెండూ కలిపి నిశ్చింతగా వాడుకోవచ్చు. చర్మం మరీ సున్నితమైతే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. 2 నుంచి 5 శాతం దగ్గరే నియాసినమైడ్ బాగా పనిచేస్తుంది. 10 శాతం పడక ఎర్రబడేవాళ్ళు ఉన్నారు, శాతం తగ్గిస్తే సర్దుకుంటుంది.

హైలురోనిక్ యాసిడ్‌కు మాత్రం తడి కావాలి. ముందు రాసినవి ఆరిపోయి ఉంటే, చేతులు తడి చేసుకుని ముఖాన్ని ఒకసారి అద్ది, ఆ తడి మీద రాసుకోండి. దాని పైన మాయిశ్చరైజర్ వేయడం మర్చిపోకండి. ఏసీ గదిలోనో పొడి గాలిలోనో అది ఒక్కటే రాసి వదిలేస్తే ముఖం ఇంకా బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది.

ఒక పూటకు వీటిలో ఏవైనా రెండు సీరంలు చాలు, నన్నడిగితే అదీ ఎక్కువే. మూడోది, నాలుగోది రాసేటప్పటికి అడుగున ఉన్నది చెదిరిపోతుంది, పైనున్నది నిలబడదు. ఒక్కో పొరకు మధ్య అరగంట ఆగాలని కొందరు చెబుతుంటారు, అంత ఓపిక అక్కర్లేదు. వేలితో తాకితే తడి అంటుకోనంతవరకు, నిమిషమో రెండు నిమిషాలో ఆగితే సరిపోతుంది.

ఇక సన్‌స్క్రీన్. దీని మీద ఉండే ఎస్‌పీఎఫ్ అంకెను, అంటే ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకెను నిర్ణయించే పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. మనం రాసేది సాధారణంగా అందులో సగం కూడా ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సుమారుగా ఆ మోతాదు వస్తుంది. బయటికి వెళ్ళే 15 నిమిషాల ముందు రాసి, దాన్ని కదలనివ్వకండి. మెరుపు కోసం దాంట్లో ఒక చుక్క నూనె కలపడం, రాశాక పైన నూనె అద్దడం అస్సలు వద్దు. సన్‌స్క్రీన్ చర్మం మీద ఒక సన్నటి పొరగా ఆరి నిలబడాలి, నూనె ఆ పొరను చెదరగొడుతుంది. చర్మం మరీ పొడిగా ఉండి పగలు కూడా నూనె కావాలనిపిస్తే, ఒక్క చుక్క మాయిశ్చరైజర్‌లో కలుపుకుని రాసి, అది పూర్తిగా ఇంకాక సన్‌స్క్రీన్ వేసుకోండి.

రాత్రి

రాత్రికి ముందు పగటి సన్‌స్క్రీన్ పూర్తిగా పోవాలి. మేకప్ కూడా ఉంటే ఒకసారి క్లెన్సింగ్ ఆయిల్‌తోనో బామ్‌తోనో, ఇంకోసారి మామూలు ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. ముఖం సరిగ్గా శుభ్రం కాకుండా ఎంత ఖరీదైన సీరం రాసినా అది ఆ మురికి మీదే పడుతుంది.

రాత్రి రాసే సీరంలలో ఘాటైనవి రెండు రకాలు. ఒకటి రెటినాల్, రెండోది గ్లైకోలిక్, ల్యాక్టిక్, సాలిసిలిక్ లాంటి యాసిడ్లు. ఒకే రాత్రి రెండూ వద్దు. ఒక రాత్రి ఇది, ఇంకో రాత్రి అది, మధ్యలో ఏదీ లేని రాత్రులు కొన్ని. అలా వాడితేనే చర్మం తట్టుకుంటుంది. గ్లైకోలిక్ లాంటివి వాడుతున్నంతకాలం, మానేశాక మరో వారం దాకా కూడా చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. ఆ రోజుల్లో సన్‌స్క్రీన్ ఎగ్గొట్టడం కుదరదు.

రెటినాల్ కొత్తగా మొదలుపెడితే వారానికి రెండు రాత్రులు చాలు. ముఖం కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. బఠాణీ గింజంత తీసుకుని, నుదుటి మీద, రెండు బుగ్గల మీద, గడ్డం మీద చుక్కలుగా పెట్టి అప్పుడు పరచండి. కళ్ళ మూలలు, ముక్కు పక్క మడతలు, పెదవుల చివర్లు వదిలేయండి. ముందు పొట్టు లేచేది అక్కడే. ఆ మడతల్లో ముందుగా కాస్త వాసెలిన్ రాసి పెట్టుకుంటే ఇంకా నయం. మంట ఎక్కువగా ఉంటే ముందు పల్చగా మాయిశ్చరైజర్, దాని మీద రెటినాల్, మళ్ళీ మాయిశ్చరైజర్. రెటినాల్ పనితనం కాస్త తగ్గుతుంది, కానీ మధ్యలో మానేయడం కంటే అదే మేలు. గర్భంతో ఉన్నవాళ్ళు, ఆ ఆలోచనలో ఉన్నవాళ్ళు రెటినాల్ జోలికి వెళ్ళకూడదు.

ఇక్కడే వరస తప్పే ఒక సందర్భం ఉంది. కొన్ని రెటినాల్ సీరంలు స్క్వాలేన్‌లో కలిపి వస్తాయి. జాబితా చూస్తే మొదటి పేరే స్క్వాలేన్ ఉంటుంది. అలాంటిదైతే హైలురోనిక్ లాంటి నీటి సీరంను ముందు రాసి, ఆరాక దీన్ని వేయాలి. విటమిన్ సిలో కూడా టెట్రాహెక్సైల్‌డెసిల్ ఆస్కార్బేట్ అని నూనెలో కరిగే రకం ఒకటుంది. దానికీ ఇదే పద్ధతి. మందు పేరు చూసి కాదు, అది కరిగి ఉన్నది నీళ్ళలోనా నూనెలోనా అన్నది చూసి దాని చోటు నిర్ణయించుకోండి.

తర్వాత మాయిశ్చరైజర్, దాని పైన నూనె. నూనె రెండు నుంచి నాలుగు చుక్కలు, అంతకు మించి వద్దు. అరచేతిలో వేసుకుని రెండు చేతులూ కలిపి మెల్లగా రుద్దండి, వేడెక్కి పల్చబడుతుంది. చేతుల మీద నూనె సన్నటి మెరుపుగా కనిపించాలి గానీ గీతల్లో నిలవకూడదు. అప్పుడు అరచేతుల్ని బుగ్గల మీద ఆనించి రెండు మూడు సెకన్లు నొక్కి ఎత్తండి. తర్వాత నుదురు, గడ్డం, మెడ. రుద్దితే కింద ఉన్న క్రీము చెదురుతుంది, నొక్కితే చెదరదు. ఐదు నిమిషాల తర్వాత టిష్యూ కాగితం ఒకటి బుగ్గ మీద పెట్టి చూడండి. పెద్ద నూనె మరక పడితే రేపటి నుంచి ఒక చుక్క తగ్గించాలని అర్థం.

నూనె ముందా మాయిశ్చరైజర్ ముందా అని పెద్ద వాదనే నడుస్తుంది. చాలా క్రీముల్లో ఎలాగూ నీళ్ళు, నూనె రెండూ కలిసే ఉంటాయి, ప్రాణం మీదికొచ్చే తేడా ఏమీ ఉండదు. క్రీము మీదే నూనె వేయడం నాకు నచ్చిన పద్ధతి. ఒక్క మినహాయింపు పెట్రోలియం జెల్లీ. అది వాడితే దాని తర్వాత ఇంకేదీ లేదు, నూనె కూడా దాని కిందే.

ఏ నూనె ఎవరికి

మొదటిసారి కొంటున్నవాళ్ళకు స్క్వాలేన్ చెబుతాను. వాసన ఉండదు, త్వరగా చెడదు, జిడ్డు చర్మానికీ పెద్దగా బరువనిపించదు. మన చర్మం తయారుచేసే జిడ్డులో సుమారు 12 శాతం స్క్వాలీన్ అనే పదార్థమే. దాన్ని గాలికి చెడకుండా స్థిరపరిచిన రూపమే ఈ స్క్వాలేన్. జొజోబాను నూనె అంటాం గానీ అది ద్రవంగా ఉండే మైనం. అదీ చాలా కాలం నిల్వ ఉంటుంది. రోజ్‌హిప్‌లో లినోలిక్ ఆమ్లం ఎక్కువ, తేలిగ్గా ఉంటుంది, కానీ త్వరగా చెడిపోతుంది. చిన్న సీసా కొనుక్కోవడమే తెలివి.

సహజం అనగానే చర్మానికి మంచిదని తీర్మానించేయకండి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్ళ ముంజేతులకు కొన్ని వారాల పాటు ఆలివ్ నూనె రాసి చూస్తే చర్మపు రక్షణ పొర బలహీనపడింది. పొద్దుతిరుగుడు నూనెతో అలా జరగలేదు. ఆలివ్‌లో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లమే తేడాకు కారణమని పరిశోధకుల అంచనా. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరి నూనె కూడా దూరంగా ఉంచడమే మంచిది. రంధ్రాలు మూసేస్తుందా లేదా అంటూ నూనెలకు 0 నుంచి 5 దాకా మార్కులు వేసిన పట్టికలు చాలా తిరుగుతుంటాయి. ఆ మార్కులకు మూలం ఎక్కువగా కుందేళ్ళ చెవుల మీద చేసిన పాత పరీక్షలు. వాటిని చూసి ఒక అంచనాకు రావచ్చు, అంతే. మీ ముఖం చెప్పేదే అసలు లెక్క.

నుదుటి మీద, కణతల దగ్గర ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు దురదతో వస్తూ, మొటిమల మందులకు లొంగకపోతే అవి మలసీజియా అనే ఫంగస్ వల్ల కావచ్చు. అది చాలా నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలను తిని బతుకుతుంది. అలాంటప్పుడు నూనెలన్నీ ఆపి డాక్టర్‌కు చూపించుకోండి. స్క్వాలేన్ మాత్రం దానికి ఆహారం కాదు.

లావెండర్, టీ ట్రీ, బెర్గమాట్ లాంటి ఎసెన్షియల్ ఆయిల్స్ వేరే జాతి. వాటిని ఫేస్ ఆయిల్ అనుకుని నేరుగా ముఖానికి రాయడం ప్రమాదం. బెర్గమాట్ రాసిన చోట ఎండ తగిలితే చర్మం కాలి, నెలల తరబడి నల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది.

ఉండలు కడుతుంటే

రాసినదంతా వేళ్ళ కింద రబ్బరు పొడిలా రాలుతుంటే కంగారు పడకండి, అది చర్మం కాదు. సీరంలలో చిక్కదనం కోసం వేసే కార్బోమర్, జాంథన్ గమ్, వాటి మీద వచ్చే సిలికాన్ ఒకదానికొకటి పట్టక అలా చుట్టుకుపోతాయి. ముందు మోతాదు సగానికి తగ్గించి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. అప్పటికీ కడుతుంటే పొరల మధ్య ఇంకో నిమిషం ఆగండి. రుద్దకుండా అద్దండి. అదీ పనిచేయకపోతే ఏ రెండిటి మధ్య గొడవో తేల్చాలి. ముంజేతి మీద జంటలు జంటలుగా రాసి చూస్తే దొరికిపోతుంది. దొరికిన జంటలో ఒకదాన్ని పొద్దుటికి, ఒకదాన్ని రాత్రికి మార్చేస్తే సరి.

కొత్త సీసా తెరిచినప్పుడు

ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకండి. ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియదు. మోచేతి మడతలోనో ముంజేతి లోపలివైపో రోజుకు రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు రాసి చూడమని చర్మవైద్యులు చెబుతారు. ఒక్క రాత్రి చెవి వెనక రాసి ఏం కాలేదని ముఖమంతా పట్టించేస్తే లాభం లేదు, చాలా అలర్జీలు ఆలస్యంగా బయటపడతాయి. ముఖానికి మొదలుపెట్టాక ఇంకో కొత్తదానికి కనీసం రెండు వారాలు గ్యాప్ ఇవ్వండి.

రెటినాల్‌తోనూ యాసిడ్లతోనూ మొదటి 4 నుంచి 6 వారాలు మామూలుగా మొటిమలు వచ్చే చోట ఇంకాసిని రావడం, కొద్దిగా పొట్టు లేవడం ఉంటుంది. ఎప్పుడూ రాని చోట వచ్చినా, వాపు, దద్దుర్లు, ఆగని దురద ఉన్నా అది వేరే సంగతి. వెంటనే అన్నీ ఆపి ఫేస్‌వాష్, మామూలు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే వాడండి. వారంలో తగ్గకపోతే చర్మ వైద్యుడి దగ్గరికి, సీసాలు కూడా పట్టుకుని వెళ్ళండి.

సీసా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 6ఎమ్ అనో 12ఎమ్ అనో ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని దానర్థం. తెరిచిన రోజున తేదీని సీసా అడుగున మార్కర్‌తో రాసుకోండి. బాత్‌రూమ్ అల్మారాలో వేడి, తేమ రెండూ ఎక్కువ. విటమిన్ సి, రోజ్‌హిప్ లాంటివాటిని వెలుతురు పడని చల్లటి చోటికి మార్చండి. తేదీ ఇంకా ఉన్నా, నూనె పాచి వాసన వేస్తుంటే, కొన్నప్పటికంటే చిక్కబడితే ముఖానికి రాయకండి.